ఇంజన్ జప్తు

మా ఊర్ల నాకు ఇంగ్లీషు వస్తదని పేరుండె. ఆ పేరు నేను పెట్టుకోలే, పెట్టినోళ్లను ఆపలే. షెడ్డు మీద రేకు ముక్క బిగిచ్చి "డీజిల్ ఇంజన్ స్పెషలిస్ట్" అని తెలుగు అక్షరాలల్ల రాయించిన. రాసిన పెయింటర్‌కు స్పెషలిస్ట్ అంటె ఏందో తెల్వదు, చదివెటోళ్లకు తెల్వదు, నాకు సగం తెలుసు. గా సగం తెలివితోని ఒక పెద్దమనిషి నౌకరి మీదికి తెచ్చిన. ఇప్పటికి యాదికొస్తె నన్ను నేనే తిట్టుకుంట, అందుకే మొదట్నే చెప్తున్న.

షెడ్డు ఆసిఫాబాద్‌కు పోయె తొవ్వ మీద ఉండె. పెద్దపల్లిల ఒక రైసు మిల్లు ఇంజన్ కాడ ఆరేండ్లు నూనె తుడిచి తుడిచి పని నేర్చుకున్న. అటెన్క నస్పూర్ దిక్కు బొగ్గుబాయిల చేసే ఒక ఫిట్టర్ కాడ కొన్ని మాటలు నేర్చుకున్న. కంప్రెషన్, టైమింగ్, సీజ్. ఆ ఫిట్టర్ ప్రతి మాటకు ముందు ఒకసారి ఉమ్మేసేటోడు. నేను ఉమ్ముడొక్కటి ఇడిసిపెట్టి మిగిలిందంత ఆయన లెక్కనే అనేటోణ్ణి. లోపట పిస్టన్ పట్టేసుకొని ఇంజన్ తిరగకపోతె "సీజ్ అయింది" అంటరు. "పట్టేసుకున్నది" అంటె అందరికి సమజైతది. అందరికి సమజైతె ఇగ మిస్త్రీకి ఏం ఇజ్జత్ ఉంటది?

ఆంధ్రప్రదేశ్ అయి నాలుగైదేండ్లు అయితుండె. నిజాం జమాన పోయింది గాని ఆఫీసు బీరువలల్ల కాయిదాలు ఇంకా ఉర్దూలనే పండుకొని ఉన్నయి. పైకెల్లి వచ్చె హుకుంలు ఇంగ్లీషుల, ఊర్లకు పోయె నోటీసులు తెలుగుల. ఒక్క ఆఫీసుల మూడు భాషలు, ఒక్కటి గుడ ఎవ్వలికి పూర్తిగ రాదు. గసొంటి ఒక సర్కారు ఆఫీసుల ఒక జీపు ఉండె. ఆఫీసు పేరు చెప్ప. ఇప్పుడు అది లేదు, ఉన్నా చెప్ప.

గా జీపు లడాయి నాటిది. మిలిటరోళ్లు వాడి వాడి వేలమేస్తె చేతులు మారి సర్కారు కాడికి వచ్చింది. పెట్రోల్ మస్తు తాగుతున్నదని ఎవరో దాని ఇంజన్ ఊడదీసి ఒక పాత డీజిల్ ఇంజన్ కూసోవెట్టిండ్రు. నడుస్తుంటె పక్క ఊరికి వినవడేది. అయినా అడవి తొవ్వ గానీ, రాళ్లగుట్ట గానీ, మోకాలెత్తు బురద గానీ, అన్నిటిని ఎక్కేది. దాన్ని ఎక్కిచ్చె మనిషి ఒక్కడే, డ్రైవర్ కాక.

కాక నాకు చుట్టం గాదు. ఊరంత కాకా అంటది, నేను గుడ అంట. నిజాం జమానల పెద్దపెద్దోళ్ల మోటర్లు నడిపినోడు. మాట మనందరి తెలుగే, చదువు మాత్రం ఉర్దూల నాలుగో జమాత్. అప్పట్ల గది శానా చదువు. ఊరోళ్లు కాయిదాలు తెచ్చి ఆయనతోని చదివిచ్చుకునేటోళ్లు. హైద్రబాద్ ఇండియల కలిసినంక మెల్లమెల్లగ బోర్డులు మారినయి, కాయిదాలు మారినయి. "ఒకనాడు పొద్దుగాల లేసి చూస్తె నేను చదువు రానోణ్ణైన బిడ్డా" అని నవ్వేటోడు. జీపు లాగుబుక్కు మాత్రం ఉర్దూలనే రాసేటోడు, కుడి దిక్కుకెల్లి. ఎంత దూరం పోయింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, అన్ని అండ్ల ఉంటయి. చదివెటోడు మాత్రం ఆఫీసుల ఒక్కడు లేకుండె.

ఒక వానకాలం ఆఫీసరు సారుకు వాగు అవతలి ఊర్ల దావత్ ఉండె. కాయిదం మీద మాత్రం తనిఖీ. వాగు నిండ పారుతున్నది. కాక ఒడ్డుకు బండి ఆపి, "సార్, జర ఒక గంట కూసుందాం. వాన ఆగింది, నీళ్లు తగ్గుతయి" అన్నడట. సారు, "గవర్నమెంటు బండి వాగుకు భయపడుతుందా? పోనివ్వు" అన్నడట. వాగుకు గవర్నమెంటు అంటె ఏందో తెల్వదాయె. నడుమకు పోయెసరికి నీళ్లు బానెట్ మీదికెక్కినయి, ఇంజన్ గుటుక్కుమని ఆగింది. సారును ఇద్దరు మనుషులు మోసుకపోయి అవతలి ఒడ్డుకు దించిండ్రు. తడిసిన పాంటుతోనే దావత్‌కు నడిచిపోయిండట, యాట కూర మంచిగుండెనట. బండిని రెండు జతల ఎడ్లు గుంజినయి. మరునాడు దాన్ని ఆఫీసు కాడికి తెచ్చి నన్ను పిలిచిండ్రు.

నేను పోయెసరికి సారు గొడుగు కింద నిలవడ్డడు. పక్కకు గుమాస్తా, చేతుల కాయిదాల ప్యాడు. కాక బండి మీద చెయ్యేసి ఉన్నడు. నేను హ్యాండిల్ పెట్టి తిప్పిన, కదలలే. కాలుపెట్టి తొక్కిన, కదలలే.

"బండి నీళ్లు మింగింది బిడ్డా" అన్నడు కాక మెల్లగ.

నేను నవ్విన. ఇంజన్ నీళ్లు మింగుడేంది, బర్రెనా? నిజానికి కాక అన్నది అక్షరం పొల్లుపోకుండ నిజం. డీజిల్ ఇంజన్ గాలి గుంజుకునే జాగల నీళ్లు గుంజుకుంటె, ఆ నీళ్లు పిస్టన్ నెత్తి మీద నిలుస్తయి. గాలిని ఒత్తొచ్చు, నీళ్లను ఒత్తరాదు. పిస్టన్ పైకి రాలేక ఆగుతది. పైన డీజిల్ చిమ్మే నాలుగు నాజిళ్లు ఇప్పి హ్యాండిల్ తిప్పితె నీళ్లు పిచికారి కొట్టినట్టు బయటవడ్తయి. నూనె మారుస్తె అయిపాయె, ఒక్క పూట పని. నాకు తెల్వదా? తెలుసు. గాని సారు గొడుగు కిందికెల్లి, "ఏమయ్యా స్పెషలిస్టు, ఏమైంది? ఇప్పుడే చెప్పు. కాగితం మీద రాసివ్వు" అన్నడు. స్పెషలిస్టు అన్నడు! అంతమంది ముంగట అన్నడు! నా దిమాక్ గాలికి పోయింది.

"సీజ్ అయింది సార్" అన్న.

"సీజా?"

"సీజ్ సార్. ఫుల్ సీజ్."

గుమాస్తా ప్యాడు చేతికిచ్చిండు. "పరీక్షించితిని. ఇంజను సీజ్ అయినది" అని రాసి కింద ఇంగ్లీషుల దస్కత్ గీకిన. పరీక్షించితిని అన్నది అబద్ధం, సీజ్ అన్నది అబద్ధం, దస్కత్ ఒక్కటే నిజం. కాక కాయిదం దిక్కు తొంగిచూసి, "ఏం రాసినవ్ బిడ్డా?" అన్నడు.

"నీకు సమజ్ కాదు తియ్యి కాకా" అన్న. నా నోటితోనే అన్న.

ఇగ బండి నా షెడ్డుకు వస్తదని జాగ సాఫ్ చేసి పెట్టిన. వారం చూసిన, రాలే. నెల చూసిన, రాలే. వేరే మిస్త్రీకి ఇచ్చిండ్రనుకొని, ఎవడో తెల్వని ఆ మిస్త్రీని మనసుల బండబూతులు తిట్టుకున్న. ఆఫీసు ముంగటికెల్లి పోయినప్పుడల్ల చూస్తె జీపు అక్కన్నే, షెడ్డు గోడ పక్కకు నిలవడి ఉన్నది. బానెట్‌కు రెండు దిక్కుల కొండ్ల మీద దారం కట్టి ఎర్రటి లక్క సీలు కొట్టిండ్రు. పక్కకు స్టూలు మీద కాక. ఎండకు అటు జరిగి, నీడకు ఇటు జరిగి, దినాం పొద్దుగాల కెల్లి పొద్దూకె దాక గదే కూసునుడు. ఒకనాడు నన్ను చూసి చెయ్యి లేపిండు. నేను చూడనట్టే సైకిల్ తొక్కుకుంట పోయిన. అలిగిన అన్నట్టు. బండి నాకియ్యలేదని ముసలోని మీద అలుగుడు, గదేం అలుగుడో!

అటెన్క చాయ్ హోటల్ల ఒక మాట పుట్టింది. సర్కారు జీపుల డ్రైవర్ టేకు దుంగలు మోసిండట, ఎవరో పట్టుకున్నరట, బండి జప్తు అయిందట. నేను చాయ్ ఊదుకుంట, "పెద్దోళ్ల బండి నడిపెటోళ్లకు గవన్ని మామూలే" అన్న. నాకేం ఎర్క? ఏం ఎర్కలే. ఊకె అన్న. పక్కోడు తలకాయ ఊపిండు. ఆ మాట నేనన్నట్టు సాయంత్రానికి బజారంత తిరిగింది.

వానలు పోయి చలి మొదలైనంక ఒకనాడు కాక షెడ్డుకు వచ్చిండు. మనిషి సగమైండు. అంగి గుండీలన్ని పెట్టుకొని, నెత్తి దువ్వుకొని, ఆఫీసుకు వచ్చినట్టు వచ్చిండు. జేబులకెల్లి మడిచిన కాయిదం తీసిండు.

"బిడ్డా, తెలుగు కాయిదం. జర చదివి చెప్పు."

"ఆఫీసుల చదివియ్యలేదా?"

"చదివి చెప్పరు. ఈడ దస్కత్ పెట్టు, ఆడ దస్కత్ పెట్టు అంటరు. నేను ఏం జరిగిందో చెప్పిన, గుమాస్తా రాసుకున్నడు. ఏం రాసుకున్నడో నాకు తెల్వది. ఇగ గిది వచ్చింది."

చదివిన. గా ఆఫీసు తెలుగు చదువుతుంటె నాకే నోరు తిరగలే. సదరు వాహనము యొక్క ఇంజను జప్తు చేయబడియున్నదనియు, జప్తునకు కారణమైన టేకు దుంగల అక్రమ రవాణాయందు డ్రైవరుకు గల సంబంధము దృష్ట్యా, అతనిని నౌకరి నుండి ఏల బర్తరఫు చేయరాదో పది దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెననియు. దాని మీద ఒక వరుస ఉన్నది: మెకానిక్కు తన నివేదికలో ఇంజను జప్తు అయిన విషయము ధ్రువీకరించియున్నాడు.

ఆ మెకానిక్కు ఎవడు? నేనే.

"జప్తు అన్నది సమజైంది బిడ్డా, గది మా ఉర్దూ మాటనే" అన్నడు కాక. "ఎవడు చేసిండో గదొక్కటి చెప్పు. నాలుగు నెలల సంది అడుగుతున్న. ముప్పై ఏండ్లు స్టీరింగ్ పట్టిన, అడవిలకెల్లి ఒక కట్టెపుల్ల ఎత్తుకరాలే. నౌకరి పోతె పోనీ, ఇయ్యాల గాకపోతె రేపు పోయేదే. దొంగ అనిపిచ్చుకొని పోవద్దు. గంతే."

"నువ్వు కూసో కాకా, ఇప్పుడే వస్త" అని సైకిలేసుకొని ఆఫీసుకు ఉరికిన.

గుమాస్తా మంచోడే. ఉర్దూ ఆఫీసుల పుట్టి పెరిగి, తెలుగుల పడి, ఇంగ్లీషుకు బుగులు పడుకుంట బతికెటోడు. బల్ల సొరుగుల ఒక ఇంగ్లీషు తెలుగు నిఘంటువు పెట్టుకున్నడు. అండ్ల సగం పేజీలు ఎలుకలు తిన్నయి.

"నా కాయిదంల జప్తు అని ఎవరు రాసిండ్రు సార్?"

"నువ్వే గదనయ్యా రాసినవ్, సీజ్ అని! ఇగో, చూస్కో." నిఘంటువు తీసి వేలు పెట్టి చూపెట్టిండు. పట్టుకొనుట, స్వాధీనపరచుకొనుట, జప్తు చేయుట.

"మొదటిది రాస్తె అయిపోతుండె గదా సార్! పట్టుకొనుట. ఇంజన్ పట్టుకున్నది, తిరుగుతలేదు, గంతే గదా!"

గుమాస్తా మొకం అదోరకంగ పెట్టిండు. "పట్టుకొనుట అంటె ఆఫీసు భాష లెక్క లేదయ్యా. ఊరోళ్లు మాట్లాడినట్టున్నది. జప్తు అంటె జర వజన్, జర బరువు ఉంటది."

నా షెడ్డు మీద రేకు యాదికొచ్చింది.

తర్వాత గుమాస్తా ఫైలు తీసి ఒక్కొక్కటి చెప్పిండు. జప్తు అని రాసి ఆదిలాబాద్‌ల పెద్దాఫీసుకు పంపిండ్రు. ఆదిలాబాద్ వాళ్లు జప్తు చేసిన అధికారి ఎవరని అడిగిండ్రు. తెలియదు, విచారిస్తున్నము అని వీళ్లు రాసిండ్రు. జప్తు అయిన సొత్తును ఎవ్వలు ముట్టకుండ సీలు చేసి కాపలా పెట్టుమని వాళ్లు రాసిండ్రు. సీలు చేసి, కాపలాకు కాకనే పెట్టిండ్రు. అటెన్క ఏం మాలు దొరికితె జప్తు అయిందని ఇంకో ప్రశ్న వచ్చింది. అడవి ప్రాంతము గనుక టేకు దుంగలు కావచ్చు అని ఎవరో రాసిండ్రు. దాని తర్వాతి కాయిదంల కావచ్చు అన్న మాట ఊడిపోయింది.

"మరి సారుకు తెలుసు గదా, వాగుల మునిగిందని! మునిగినప్పుడు అండ్ల కూసున్నది ఆయనే గదా!"

గుమాస్తా అటిటు చూసి గొంతు తగ్గిచ్చిండు. "జప్తు అయిందంటె వాగు ముచ్చట ఎవ్వలు అడగరు గదనయ్యా. సారుకు గది మంచిగనే ఉన్నది."

షెడ్డుకు మర్రొచ్చి కాకకు మొత్తం చెప్పిన. తిడ్తడనుకున్న. పానా ఎత్తి కొట్టినా సరే అనుకొని ఎదురుంగ కూసున్న.

"అంటె ఇంజన్‌ను ఎవ్వడు పట్టుకోలే?"

"ఎవ్వడు పట్టుకోలే కాకా."

"మరి నాలుగు నెలలు నేను దేనికి కాపలా ఉన్న?"

నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. సిగ్గుతోని చచ్చిపోయిన. "నా మాటకు" అందామనుకున్న, అనలే. కాక లేసి నా పానాల సంచి తన భుజానికి ఏసుకున్నడు. "పా, విప్పుదాం. సారు బస్సు మీద క్యాంపు పోయిండు, వచ్చెటాలకు పది దినాలైతది" అన్నడు.

ఆఫీసు కాడ గుమాస్తా అడ్డమొచ్చిండు. "సీలు ముట్టద్దు! ముడితె నా నౌకరి గుడ పోతది!"

"ముట్టం సార్. ఒట్టు."

జీపు బానెట్‌కు ముంగట కొండ్లు ఉంటయి, ఎన్క అద్దం కింద మడిచెటందుకు కబ్జాలు ఉంటయి. సీలు కొండ్లకున్నది. కబ్జాల నట్లు బయటికే ఉన్నయి. నాలుగు నట్లు ఇప్పితె బానెట్ ఎన్క దిక్కుకెల్లి లేసి ముంగటికి ఒరిగింది. సీలు సీలు లెక్కనే ఉన్నది, దారం గుడ తెగలే. గుమాస్తా వంగి రెండు సీళ్లు చూసుకొని, "గట్లయితె నాకేం ఎర్కలేదు" అని లోపటికి పోయి కిటికిలకెల్లి చూసుకుంట కూసున్నడు.

నాజిళ్లు ఇప్పినం. రంధ్రాలల్లకు పుల్లకు గుడ్డ చుట్టి పెట్టి తీస్తె ఎర్రటి తుప్పునీళ్లు అంటుకొని వచ్చినయి. హ్యాండిల్ పెట్టిన. రాయి. నాలుగు నెలల కింద ఆ నీళ్లు నీళ్లే, పిచికారి కొట్టి పోతుండె. ఇప్పుడు ఆ నీళ్లే తుప్పయి పిస్టన్ల రింగులను సిలిండర్ గోడలకు అంటుపెట్టినయి. అంటె నేను రాసిననాడు ఇంజన్ సీజ్ కాలే, నేను రాసినంక అయింది. వారీ! ఇంత గొప్ప నివేదిక ఇంకే మిస్త్రీ అన్న రాసి ఉంటడా?

లాంతర్లల్ల పోసే గాసునూనె, ఇంజన్ నూనె సమంగ కలిపి రంధ్రాలల్ల పోసినం. పోసి ఆగినం. కాకకు ఆగుడు అలవాటే, నాకే కాలు నిలువలే. రెండో దినం గడ్డపార తెచ్చి ఫ్లైవీల్ పండ్లకు ఆనిచ్చి గుంజవోయిన. కాక నా చెయ్యి పట్టుకున్నడు.

"పండ్లు ఇరగ్గొడ్తవా? నీకు ఏదైన జల్దే గావాలె. అన్నాడు జల్ది చేసినవ్, సూసినం గదా."

గంతే అన్నడు. గది చాలు, గడ్డపార కింద పెట్టిన.

కాక ఉపాయం వేరే. బండిని టాప్ గేర్ల ఏసి, ఇద్దరం ఎన్కకెల్లి ఒకసారి, ముంగటికెల్లి ఒకసారి మెల్లగ ఊపుడు. చక్రం కదలకపోయినా బరువు లోపటికి తాకుతది. పొద్దుగాల వంద సార్లు, మాపటికి వంద సార్లు. మల్ల నూనె పోసుడు. తొవ్వల పోయెటోళ్లు నిలవడి చూసేటోళ్లు. "జప్తు బండిని ఉయ్యాల ఊపుతుండ్రు" అని నవ్విండ్రు. ఒకడు, "దుంగలు లోపట్నే ఉన్నయా కాకా?" అని ఎక్కిరిచ్చిండు. నేను సుత్తె పట్టుకొని ఆన్ని బజారు దాక ఉరికిచ్చిన. ఉరికిచ్చుకుంట ఉరికిచ్చుకుంట యాదికొచ్చింది, ఆ మాట మొదలు ఊదింది నేనే గదా అని. సుత్తె దించుకొని మర్రొచ్చిన.

ఐదో దినం పగటియాల్ల లోపట టక్కుమన్నది. చక్రం రెండు వేళ్లంత జరిగింది. కాక "అగో!" అన్నడు. నేను "అగో!" అన్న. కిటికిల గుమాస్తా గుడ "అగో!" అన్నడు. గాని రెండు వేళ్ల మీద జరగలే. మూడు పిస్టన్లు ఇడిసినయి, ఒకటి ఇడుస్తలేదు. ఇగ ఇంజన్ మీది హెడ్డు ఊడదీసుడే. ఇప్పి చూస్తె మూడో సిలిండర్ గోడకు తుప్పు పట్టీ కట్టినట్టున్నది. ఉప్పుకాయిదంతోని దినమంత రుద్దిన. తుమ్మకట్టె మొద్దు ఒకటి చెక్కి, పిస్టన్ నెత్తి మీద పెట్టి, ఒక్కో దెబ్బ ఏసి ఆగుడు, నూనె పోసుడు, మల్ల ఒక్క దెబ్బ. ఏడో దినం ఇడిసింది. కాక హ్యాండిల్ పట్టి తిప్పుతె ఒక సుట్టు తిరిగింది. మనిషి హ్యాండిల్ ఇడువలే, అట్లనే వంగి ఇంకో సుట్టు తిప్పిండు, ఇంకోటి తిప్పిండు. "తిరుగుతుంది బిడ్డా" అన్నడు. "తిరుగుతుంది కాకా" అన్న. ఇద్దరం పిచ్చోళ్ల లెక్క గదే మాట అనుకుంట నవ్వుకున్నం.

వాల్వులు నూరిన, హెడ్డు బిగిచ్చిన. కింద నూనె ఇప్పితె చాయ్ లెక్క కారింది, గదంత పారవోసి కొత్తది పోసినం. డీజిల్ పైపులల్ల గాలి తీసినం. నట్లు బిగిచ్చి బానెట్ మల్ల కూసోవెట్టినం. పదో దినం సారు వచ్చెటాలకు జీపు సీలుతోని, దారంతోని, లక్కతోని ఎప్పటి లెక్కనే ఉన్నది. ఒక్కటే తేడా, డగడగమని నడుస్తున్నది.

సారు బస్సు దిగి రిక్ష కట్టుకొని వచ్చిండు. గేటు కాడ్నే ఆగిండు. "ఎవరు స్టార్ట్ చేశారు? జప్తులో ఉన్న ఇంజన్ ఎలా నడుస్తుంది?"

"నడుస్తలేదు సార్, ఉన్న జాగల్నే ఉన్నది. ఇంజన్ ఒక్కటే తిరుగుతుంది" అన్నడు గుమాస్తా.

సారు సీలు చూసిండు, నన్ను చూసిండు, కాకను చూడలే. నన్ను లోపటికి పిలిచిండు. కుర్చీ చూపెట్టిండు. సర్కారు ఆఫీసుల నాకు కుర్చీ దొరుకుడు గదే మొదలు, గదే ఆఖరు. "చూడు స్పెషలిస్టు, ఈ టేకు గొడవ నాకూ ఇష్టం లేదు. ఒక చిన్న నివేదిక రాసివ్వు. డ్రైవర్ నూనె చూసుకోక ఇంజన్ చెడగొట్టాడని రాయి. దొంగతనం కేసు పోతుంది, నిర్లక్ష్యం ఒక్కటే మిగులుతుంది. జిల్లాలో ఉన్న మా శాఖ బండ్లన్నీ నీ షెడ్డుకే పంపిస్తాను."

చెప్పాలె గదా, ఒక్క నిమిషం ఆశ పుట్టింది. షెడ్డు ముంగట సర్కారు జీపులు వరుసగ నిలవడ్డట్టు కండ్లకు కనవడ్డది. కిటికిలకెల్లి చూస్తె బయట కాక బండి ఆపకుండ, ఇంజన్ సప్పుడు ఇనుకుంట, బానెట్ మీద చెయ్యి పెట్టి నిలవడ్డడు. ప్యాడు తీసుకొని గిట్ల రాసిన: "ఇంజను వాగులో నీళ్లు మింగింది. ఎవ్వరును జప్తు చేయలేదు. నేను విప్పి చూడక సీజ్ అని రాసితిని. ఆ మాట నాకు సగమే తెలియును. డ్రైవరు మొదటి దినమే నీళ్లు మింగిందని చెప్పెను. అదియే నిజము." ఈసారి దస్కత్ తెలుగుల పెట్టిన.

గుమాస్తా లోపటికొచ్చి ప్యాడు అందుకొని చదివి మెల్లగ, "మింగింది అని ఆఫీసు కాయిదంల రాస్తరానయ్యా?" అన్నడు.

"గదే రాయుండ్రి సార్. గదొక్కటి తర్జుమా చెయ్యకుండ్రి, మీకు దండం పెడ్త."

బండిని వాగులకు పోనియ్యుమన్నది ఎవరో నేను రాయలే. గది గుడ ఒప్పుకుంట. రాస్తె కాకకు మంచిగుంటదా చెడుగుంటదా నాకు సమజ్ కాలే, భయం గుడ ఉండె. సారు రెండు సార్లు చదివి, తన పేరు లేదని చూసుకున్నంక ఊపిరి ఇడిసిండు. నెల తిరిగెసరికి ఆదిలాబాద్‌కెల్లి హుకుం వచ్చింది. జప్తు ఎత్తివేయబడినదట, అందువలన ఇంజను పనిచేయుచున్నదట. డ్రైవరు నౌకరిల కొనసాగవచ్చునట. తప్పుడు నివేదిక ఇచ్చిన మెకానిక్కు షెడ్డుకు ఇకమీదట ఏ సర్కారు వాహనము పంపరాదట.

నేను రేకు ఊడవీకి లోపటేసిన. ట్రాక్టర్లు, నీళ్ల ఇంజన్లు చేసుకుంట బతికిన, ఏం తక్కువ కాలే.

గాని గా జీపు మాత్రం నా షెడ్డు ముంగటికి రాంగనే ఆగేది. వారానికి ఒకసారి, ఖచ్చితంగ ఆడనే. కాక దిగి బానెట్ లేపేటోడు. పంపిచ్చుడే వద్దన్నరు గాని ఆగుడు వద్దనలే గదా. నేను చెయ్యి తుడుచుకుంట పోయి, ఆ నట్టు ఈ నట్టు చూసి, చాయ్ తాపి పంపేది. ఒకనాడు సీటు మీద లాగుబుక్కు తెరిచి ఉన్నది. పేజీ నిండ కాక ఉర్దూ, చీమల బారు లెక్క. దాని కింద తెలుగుల ఇంతింత అక్షరాలు, ఒక్కటే మాట పది పన్నెండు సార్లు. సీజ్, సీజ్, సీజ్.

నాకు నవ్వొచ్చింది. "గిదేంది కాకా? బండి మంచిగనే నడుస్తుంది గదా?"

"బండి గురించి గాదు బిడ్డా. నాలుగు నెలలు గా మాట నా కాయిదంల కూసున్నది. నేను దస్కత్ పెట్టేటప్పుడు గుడ నా ఏలు కిందనే ఉన్నది. నాకు గుర్తుపట్టరాలే. మల్ల ఎవడన్న నా మీద రాస్తె నా కండ్లకు ఆనాలె గదా."

నవ్వు ఆగిపోయింది. కాక జేబులకెల్లి పెన్సిల్ తీసి నా చేతుల పెట్టిండు.

"ఇంకోటి నేర్పు. కాదు అని ఎట్ల రాస్తరు?"

"కాదు అనా? ఎక్కడ రాస్తవ్ కాకా?"

"దస్కత్ పెట్టుమన్న కాడ."

లాగుబుక్కు మీద పెద్దగ రాసి చూపెట్టిన. కాక పెన్సిల్ తీసుకొని, అద్దాలు సరిజేసుకొని, కుడి దిక్కుకెల్లి షురూ చేసిండు. ముందు "దు" రాసిండు, దాని పక్కకు ఎడమకు జరిగి "కా" రాసిండు. నేను ఆపలే. అయిపోయినంక చూస్తె మంచిగనే ఉన్నది, కాదు అనే చదవొస్తున్నది.